అవ్వ ఊదిన సూది

నర్సు మా మనవరాలి చేతికి స్పిరిటు దూది రాసింది. ఆ వాసనకు మా అవ్వ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే గిద్దలూరు నుంచి కాంపౌండరు వచ్చి, మా పొయ్యి మీదే సూది ఉడకబెట్టాడు. జబ్బు చేసిన గొర్రెలకు వాతలు పెట్టడం చూసినవాణ్ణి, నాకూ వాతేననుకుని ఏడుపు లంకించుకున్నాను.

ఆయన సూది పైకి తీయగానే అవ్వ వంగి ఉఫ్‌మని ఊదింది.

“ఊదితే ఎట్ల అవ్వా? మళ్ళా ఉడకబెట్టాల!” అని కాంపౌండరు విసుక్కున్నాడు.

“కాలే సూది పొడిస్తే బిడ్డ తట్టుకుంటాడా నాయనా?” అంది అవ్వ.

సూది మళ్ళీ ఉడికింది. ఈసారి అవ్వ దాన్ని కొంగుతో తుడిచేసింది. చివరికి ఆయన అవ్వను బయటికి పంపి, తలుపేసి నాకు సూది వేశాడు. తలుపు సందులోంచి ఆమె ఊదుతూనే ఉంది.

ప్యాకెట్టులోంచి సూది తీసిన నర్సు నా వంక చూసి, “మూతి అట్ల పెట్టినావేంది తాతా?” అంది.

అప్పటిదాకా నాకు తెలియలేదు, నేనూ ఊదబోతున్నానని.