టీచరమ్మ ఆలివ్ చెట్టుకు నేను పెట్టిన తాండూరు మట్టి

1956లో వికారాబాదులో మాలీగా చేరాను. మూడు బంగళాల తోటలు నా చేతిలో ఉండేవి. వాటిలో ఒకటి రిటైరైన టీచరమ్మగారిది. ఆమె వసారా ముందు, వెడల్పాటి మట్టి పళ్లెంలో, జానెడున్నర ఎత్తు ఆలివ్ చెట్టు ఉండేది. చెట్టును ఇలా కురచగా పెంచడాన్ని బోన్సాయ్ అంటారని ఆమె దగ్గరే విన్నాను. చనిపోయిన ఆమె భర్త దూరదేశం నుంచి మొక్క తెచ్చి, ఏళ్ల తరబడి తీగ చుట్టి వంచి పెంచారట. పొద్దుటి చాయ్ ఆమె దాని పక్కనే కూర్చుని తాగేవారు.

పని కూడా పాఠంలాగే చెప్పేవారు. ఎండాకాలం ఎండలోనే ఉంచి నీళ్లు పోయాలి. వానల్లో చూరు కిందికి జరపాలి. చలికాలం బయటే వదిలేయాలి, ఆ చలిలోనే అది విశ్రాంతి తీసుకుంటుంది. చలి తగ్గాక కొమ్మలు కత్తిరించాలి, అదే ప్రూనింగ్. రెండేళ్లు బుద్ధిగా అలాగే చేశాను. మట్టి దగ్గరే నాకు మనసొప్పేది కాదు. పళ్లెం నిండా గరుకు ఇసుక, ఎర్రమొరం. నేనేమో తాండూరు నల్లరేగడిలో కంది విరగకాయడం చూసి పెరిగినవాణ్ణి. చెట్టును పస్తు పెడుతున్నారనిపించేది.

మూడో ఏడు, వానలకు ముందు, ఆమె ఒక కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకోవడానికి హైదరాబాదు బయల్దేరారు.

"నర్సయ్యా, మట్టి జోలికి పోకు. వేలు గుచ్చి చూసి, ఆరినంకనే నీళ్లు పొయ్."

"ఫికర్ జెయ్యకుండ్రి అమ్మా, నేనున్న గద."

ఆమె రైలెక్కిన వారానికే మా ఊరి నుంచి గంపెడు నల్లమట్టి తెచ్చి, మొరమంతా దులిపేసి రీపాటింగ్, అంటే మట్టి మార్పిడి, చేశాను. ఆమె వచ్చేసరికి చెట్టు గుబురుగా ఉండాలని, శభాష్ అనిపించుకోవాలని నా ఆశ. నల్లమట్టి తడి పట్టిందంటే విడవదు. పొలానికి మంచిదే, ఆ లోతులేని పళ్లెంలో అది బురదైంది. ఆకులు పసుపెక్కితే దాహమనుకుని ఇంకా నీళ్లు పోశాను. అంత మూర్ఖుణ్ణి. చివరికి పళ్లెం బోర్లిస్తే వేళ్లు కుళ్లి చేతికొచ్చాయి.

భయపడి, మూలన పోసిన పాత మొరమే తెచ్చి నింపి, ఎండుపుల్లను మళ్లీ నిలబెట్టాను. టీచరమ్మ తిరిగొచ్చి దాన్ని తడిమి చూశారు.

"ఏమైంది నర్సయ్యా?"

"గాలివాన కొట్టిందమ్మా. మస్తు పరేషానైన, బతకలే."

ఆమె నమ్మారు. "నీ తప్పేం లేదు. గీ కండ్ల కోసం నేనే ఇడిచిపెట్టి పోయిన. ఉంటే బతుకుతుండె," అని ఏడ్చారు.

ఆ ఆపరేషన్ సరిగా కుదరలేదు. రెండో కన్నూ మసకబారుతుంటే మళ్లీ వెళ్లమని అందరూ బతిమాలారు. "ఒక్కసారి పోతెనే చెట్టు పాయె, సాలు," అన్నారామె. అప్పుడైనా చెప్పి ఉంటే వెళ్లేవారేమో. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని నాలుగేళ్లు గడిపాను.

ఏ చెట్టు మట్టి దానికుంటుందని కొత్త మాలీలకు చెబుతుంటాను. తప్పు చేస్తే ఆ పూటే యజమానికి చెప్పమని కూడా చెబుతాను. నేను ధైర్యం చేసి చెప్పిన నాటికి టీచరమ్మ నన్ను గొంతును బట్టే గుర్తుపడుతున్నారు.