సొట్ట తీయించిన జీపు

మామ చనిపోయిన కబురు మామ ఫోన్ నుంచే వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం గంట కొట్టిన వేళ టేబుల్ మీద ఫోన్ మోగింది. తెర మీద ‘మామ’ అని ఉంది. నేను ఎత్తలేదు. చేతిలో పనేమీ లేదు. పిల్లలను వరుసలో నిలబెట్టే ఆయమ్మ తన పని తాను చేస్తోంది. అయినా ఎత్తలేదు. నాలుగైదు నెలలుగా ఆ పేరు కనిపిస్తే నేను చేస్తున్నది అదే. రెండోసారీ మోగనిచ్చాను. మూడోసారి విసుగ్గా ఎత్తి, “మామా, బడిల ఉన్న, పొద్దుమీకి నేనే జేస్త” అన్నాను.

అవతల మా బావ గొంతు. “బాపు పోయిండు,” అన్నాడు. “చాయ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు.”

బతికున్న మనిషికి చెప్పి చెప్పి అలవాటైన సాకు, పోయిన మనిషికి కూడా చెప్పేశాను. ఈ నాలుగు మాటలు మామను పొగడటానికి రాస్తున్నానని మీరు అనుకోవచ్చు. పొగడ్త మామకు అక్కర్లేదు. నాకే ఒక మాట బయటికి చెప్పుకోవాలని ఉంది.

మా మేనమామ పెద్ద పేరున్న మనిషేమీ కాదు. ఉట్నూర్ నుంచి ఆసిఫాబాద్ దాకా ముప్పై ఏళ్లు జీపు నడిపాడు. పది మంది పట్టే బండిలో పద్దెనిమిది మందిని, రెండు మేకలను, ఒక పెండ్లి పెట్టెను ఎక్కించి, “ఇంక ఇద్దరికి జాగున్నది, జర సదురుకోండ్రి” అనేవాడు. బస్సులు పెరిగి, ఆటోలు వచ్చి, జీపు తుక్కుకు పోయాక, మందమర్రిలో బొగ్గుబావి పనికి పోయే కొడుకు క్వార్టర్‌కు చేరాడు. అక్కడ వెనక వరండాలో ఒక పీట వేసుకుని చిన్న చిన్న బండ్లు చేయడం మొదలుపెట్టాడు.

బొమ్మలు అంటే ఊరుకునేవాడు కాదు. “బొమ్మంటే ఆడుకునేది. గిది బండి. జర చిన్నది, గంతే.” అసలు బండి అడుగుంటే మామ బండి అంగుళం. నూనె డబ్బా రేకుతో బాడీ, తెగిన హవాయి చెప్పుతో టైర్లు, పాత ఎక్స్‌రే ఫిల్మును కడిగి అద్దాలు, సైకిల్ చువ్వలతో ఇరుసులు. ఎక్కడికి పోయినా దర్జీ టేపు జేబులో ఉండేది.

ఒకసారి చుట్టాల పెండ్లిలో మామ కనిపించకుండా పోతే వెతికాం. పెండ్లికొడుకు కారు కింద దొరికాడు. కాళ్లు మాత్రం బయటికి ఉన్నాయి. పెండ్లికొడుకు మేనత్త అప్పటికే అక్కడ నిలబడి, “ఎవలయ్యా నువ్వు? పెట్రోలు గుంజుతున్నవా?” అని కేకలు పెడుతోంది. మామ పడుకునే టేపు పైకి చూపించి, “లేదమ్మా, మీ బండికి అంగి కుట్టియ్యాలె, కొలతలు దీసుకుంటున్న” అన్నాడు. పందిరంతా నవ్వింది. నేను మాత్రం ఆ మనిషెవరో తెలియనట్టు పక్కకు తిరిగి నిలబడ్డాను. అప్పటికే టీచరమ్మను కదా.

కడిగిన బండిని మామ చేసేవాడు కాదు. “కడిగిన బండి ఎవలిదో ఎట్ల ఎరుకైతది? అన్ని ఒక్క తీరుగనే ఉంటయి” అనేవాడు. పాల వ్యాను చేస్తే వెనక తలుపు కింద పాలు కారి ఎండిన మరక ఉండేది. బొగ్గు లారీ చేస్తే డ్రైవర్ మోచేయి ఆనే చోట రంగు అరిగి రేకు బయటపడేది. మందుబిళ్లల సీసాల్లో దుమ్ము దాచుకున్న మనిషిని నేను మామనొక్కడినే చూశాను. ఒకదాంట్లో ఉట్నూర్ తొవ్వ మీది ఎర్ర మొరం, ఒకదాంట్లో నల్లరేగడి, ఒకదాంట్లో మందమర్రి బొగ్గుపొడి. దాన్ని పాత చీర గుడ్డలో జల్లించి, వార్నిష్ సగం ఆరిన బండి మీద గడ్డం గీసుకునే బ్రష్షుతో మెల్లగా తట్టేవాడు. సగం ఆరిందని ఎట్లా తెలుస్తుందని అడిగాను. “ఏలు పెడితే అంటాలె, గని గుంజొద్దు” అన్నాడు.

అన్ని బండ్లూ చేశాక చివరికి తన జీపు చేశాడు. రెండేళ్లు పట్టింది. పాలిపోయిన ఆకుపచ్చ రంగు. డ్రైవర్ పక్క తలుపు మాత్రం నీలం, అసలు జీపుకు వేరే బండి తలుపు తెచ్చి బిగించాడు కాబట్టి. ఎడమ పక్క వెనక చక్రం పైన ఒక సొట్ట. ఒళ్లంతా మొరం దుమ్ము. కరీంనగర్‌లో మా ఇంటి గృహప్రవేశానికి దాన్ని తువ్వాలలో చుట్టుకుని తెచ్చాడు.

“గడియారాలు, పటాలు అందరు దెస్తరు. నువ్వు గిండ్ల తిరిగిన పిల్లవు. గిది నీ ఇంట్ల ఉండాలె” అని నా చేతిలో పెట్టాడు.

కొత్త షోకేసులో, నడిమి అరలో పెట్టాను. వచ్చినవాళ్లంతా దాని దగ్గరే ఆగారు. “గిదేంది, మట్టి బట్టింది, తుడవకపోతిరి” అన్నారొకరు. పక్కింటావిడ అయితే చీర కొంగుతో తుడవబోయింది. మా అత్తగారి వైపు వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మామ ఇంకా అక్కడే ఉన్నాడు, లడ్డూ తింటూ. ఆయన నా మామ అయినందుకు సిగ్గుపడ్డాను. నేను బయటికి చెప్పుకోవాలన్న మాట ఇదే.

వారం తర్వాత జీపును కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డుకు తీసుకుపోయాను. రంగు నేనే ఎంచాను, సోఫా కవర్లకు కలిసేలా మంచి ఎరుపు. రెండు రోజులకు మేస్త్రీ దాన్ని అద్దంలా మెరిపించి ఇచ్చాడు. “ఎడమ దిక్కు సొట్ట ఉండె మేడం, అది గూడ దీసిన. తడిమి జూడుండ్రి, ఎక్కడుండెనో ఎరుక గాదు” అన్నాడు గర్వంగా. నేను తడిమి చూసి, బాగా తీశావని మెచ్చుకుని వచ్చాను.

ఆ సొట్ట ఎక్కడిదో మీకు చెప్పాలి. టీచర్ ట్రైనింగ్ సీటుకు ఆదిలాబాద్‌లో నా కౌన్సెలింగ్ ఉన్న రోజు అది. మూడు రోజులుగా ముసురు. మా ఊరికీ ఉట్నూర్‌కూ నడుమ వాగు, వంతెన మీదుగా పొర్లుతోంది. “పానం కంటె ఎక్కువనాయె సీటు?” అని అవ్వ అడ్డం నిలబడింది. మామ పంచె ఎగ్గట్టి నీళ్లలో సగం దాకా నడిచి చూసివచ్చి, “మోకాలు దాటలే. కూసో బిడ్డా” అన్నాడు. నడిమధ్యకు పోయాక బండి పక్కకు జారింది. వెనక భాగం పోయి వంతెన అంచున పాతిన కట్టరాయికి గుద్దుకుని ఆగింది. ఆ రాయి లేకపోతే ఇద్దరం వాగులోనే. నేను సర్టిఫికెట్ల సంచిని రెండు చేతులతో అదుముకుని కళ్లు మూసుకున్నాను. మామ గేరు మార్చి, మెల్లగా అవతలికి తెచ్చాడు.

ఉట్నూర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సు కదులుతోంది. నేను దుమికి పరుగెత్తాను. మామ దిగి, ఎంత దెబ్బ తగిలిందో చూడటానికి బండి వెనక్కి పోయాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. సీటు వచ్చింది, ఆ వెనక ఉద్యోగమూ వచ్చింది. మామ ఆ సొట్ట ఎన్నడూ తీయించలేదు. ఎక్కినవాళ్లు అడిగితే, “గది సొట్ట గాదు, మా కోడలి నౌకరి” అనేవాడు. ఆ మాట నేనూ విన్నాను, నవ్వాను, మరిచిపోయాను. మేస్త్రీ సొట్ట తీశానని చెప్పినప్పుడు కూడా గుర్తు రాలేదంటే, ఎంత మరిచిపోయానో చూడండి.

కొన్నాళ్లకు కళ్లు చూపించుకోవడానికి మామ కరీంనగర్ వచ్చాడు. వస్తూనే షోకేసు దగ్గరికి పోయాడు. కాసేపు వెతికాడు. ఎర్రగా మెరుస్తున్నదే తన జీపని తెలియడానికి కొంచెం సమయం పట్టింది. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలు ఎడమ పక్కన, వెనక చక్రం పైన ఆగింది. అక్కడే రెండు మూడు సార్లు తిరిగింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. వాగు, కట్టరాయి, అన్నీ.

తప్పయింది మామా అనాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది. నేనన్నది మాత్రం, “రంగు ఎట్లున్నది మామా?”

“మంచిగున్నది బిడ్డా. మెరుస్తున్నది” అన్నాడు.

చాయ తాగాడు. నా పిల్లల చదువుల సంగతి అడిగాడు. పోయేటప్పుడు, “ముంగటి టైరు జర లూజున్నది, తీస్కపొయ్యి సక్కగ జేస్త” అన్నాడు. టైరు గట్టిగానే ఉందని ఇద్దరికీ తెలుసు. ఒక తువ్వాలలో చుట్టి ఇచ్చాను. అది కళ్ల ముందు నుంచి పోతున్నందుకు లోపల కొంత హాయిగా కూడా ఉంది.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. “ఒకపారి వచ్చిపోరాదు బిడ్డా, జీపుతోని చిన్న పనున్నది.” నేను పరీక్షలన్నాను, ట్రైనింగ్ అన్నాను, పిల్లకు జ్వరం అన్నాను. “పరేషాన్ గాకు, తీరిక జూసుకొనే రా” అనేవాడు. వెళితే నిలదీస్తాడని నా భయం. మామ ఎవరినీ నిలదీసిన మనిషి కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా తప్పు చేసినదాన్ని కదా, ప్రతి ఫోనూ అందుకే అనిపించేది. చివరికి ఎత్తడమే మానేశాను.

పదకొండో రోజు దినానికి మళ్లీ మందమర్రి పోయాం. వరండాలో మామ ఫొటో, దండ, దీపం. దీపం పక్కన జీపు. ఎర్ర వైపు అందరికీ కనిపించేలా మామ భార్య, మా అత్త పెట్టింది. ఎవరో ముసలాయన వంగి చూసి, “ఎంత మంచిగ మెరుస్తున్నదో. ఆయననే ఏసిండా?” అన్నాడు.

“కాదు, మా కోడలు ఏయించింది. కరీంనగర్‌ల” అంది అత్త, ఆ దుఃఖంలోనూ గొప్పగా. అందరూ నా వైపు చూశారు. తల ఎత్తలేకపోయాను.

జనం భోజనాలకు లేచాక జీపును తిప్పి చూశాను. అవతలి వైపు మామ జీపు ఉంది. పాలిపోయిన ఆకుపచ్చ, నీలం తలుపు, మడ్‌గార్డుల మీద మొరం దుమ్ము. నేను వేయించిన రంగునంతా గీకి, ఆ మసక కళ్లతో మళ్లీ మొదటి నుంచి చేశాడు. ముందు, వెనక, కుడి, పైన, అంతా అయింది. ఎడమ వైపు ఒక్కటే ఎర్రగా మిగిలింది. అక్కడ చక్రం పైన పెన్సిల్‌తో ఒక సున్నా గీసి ఉంది.

అత్త వచ్చి పక్కన కూర్చుంది. “గా దిక్కు ముట్టలే. సొట్ట పెట్టినంకనే రంగు అన్నడు. సొట్ట నువ్వే పెట్టాలెనట. ‘దాని నౌకరి, అదే కొట్టుకోవాలె’ అని నవ్వెటోడు. అందుకే నీకు గన్ని ఫోన్లు.”

“నా మీద కోపం రాలేదా అత్తా?”

“కోపమెందుకే? ఎర్రగ గూడ మంచిగనే ఉన్నది, గని మన బండి గాదు అన్నడు. గంతే.”

పీట కింద నుంచి రేకు వంచే చిన్న సుత్తె తీసి నా చేతిలో పెట్టింది. “పెట్టు బిడ్డా. ఆయన ముంగటనే పెట్టు.”

సుత్తెను ఆ సున్నా మీద ఆనించాను. చెయ్యి ఆగిపోయింది. “ఎంత లోతుండె అత్తా?”

“గది నన్నడుగుతవేందే? బండ్ల ఉన్నది నువ్వు. నీకే ఎరుక.”

ఉన్నది నేనే. ఆ రోజు బస్టాండులో వెనక్కి తిరగలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు సెలవులకు వచ్చి అదే జీపు ఎక్కి దిగాను. మామ చేసిన జీపు వారం రోజులు నా షోకేసులో ఉంది, ఆ సొట్టతో సహా, అడుగుకు అంగుళం లెక్కన సరిగ్గా. నేను దుమ్ము తప్ప ఏమీ చూడలేదు. ఎంత లోతో నాకూ తెలియదని అత్తకు చెప్పలేక, ఇంటి దగ్గర పెడతానని జీపును, సుత్తెను సంచిలో వేసుకుని వచ్చాను.

ఇప్పుడది షోకేసులో నడిమి అరలోనే ఉంది. వచ్చినవాళ్లు దుమ్ము వైపు చూసి తుడవమంటే, తుడవొద్దని చెబుతున్నాను. రోజూ పొద్దున బడికి బయల్దేరే ముందు దాన్ని ఇటు తిప్పి, పెన్సిల్ సున్నాలో బొటనవేలు పెట్టి చూస్తాను. అక్కడ ఇంకా నున్నగానే ఉంది.