ఖాలా పేరు మీద సెలవు

మా ఇంటి ఓనరమ్మను నేను ఖాలా అంటాను, పిన్నీ అన్నట్టు. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో కింద ఆమె, పైన రెండు గదుల్లో నేనూ మా ఆవిడా. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. కూతుళ్లు అత్తారిళ్లలో ఉన్నారు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఆమె అడిగింది ఒకే ఒక్క మాట.

"కుత్తా, బిల్లీ, ముర్గీ ఏమన్న ఉన్నయా బేటా?"

లేవు ఖాలా, అన్నాను. అబద్ధం కాదు. ఆమె అడిగిన కుక్కా పిల్లీ కోడీ ఏవీ నా దగ్గర లేవు. ఉన్నది సాలీడు.

ఇళ్లలో మూలల్లో కనబడే సాలీడు కాదు, టరాంటులా. అరచేతంత ఉంటుంది, ఒళ్లంతా నూగు. నా పెళ్లికి ముందు, రంగుచేపల దుకాణం ఎత్తేస్తున్న దోస్తు ఒకడు "ధైర్యముంటే తీస్కపో" అన్నాడు. పౌరుషానికి పోయి తెచ్చుకున్నాను. అప్పుడది చిటికెన వేలి గోరంత. ఆడది అయితే ఇరవై ఏళ్ల దాకా బతుకుతుందని వాడు చెప్పలేదు, నేను అడగలేదు. పెళ్లయ్యాక మా ఆవిడ దాన్ని చూసిన మర్నాడే పుట్టింటికి పోయింది. రెండు షరతుల మీద తిరిగొచ్చింది: గాజుపెట్టె మూత మీద ఎప్పుడూ ఇటుక ఉండాలి, బయటి మనిషికి ఈ సంగతి తెలియకూడదు. రెండో షరతు ఆమె పెట్టకపోయినా నేనే పెట్టుకునేవాణ్ని. పిల్లినో చిలకనో పెంచుకునే మగవాణ్ని లోకం ఏమీ అనదు. పురుగును సాకేవాణ్ని ఏమంటుందో నాకు తెలుసు.

ఖాలా మెట్లెక్కుతున్న చప్పుడైతే చాలు, పెట్టె మీద పాత చీర పడేది. "దాని కింద ఏముంది బేటా?" అని ఒకసారి అడగనే అడిగింది. కుట్టు మిషన్ అన్నాను. మా ఆవిడకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆ రోజు నుంచి ఖాలా చేతిలో చినిగిన బట్ట కనబడితే మా ఆవిడకు గుండెదడ.

ఈ ఏడు ఎండలు ముదిరేసరికి దాని ముసలితనం తెలిసొచ్చింది. వెనక భాగం మీద నూగంతా రాలి నున్నగా బట్టతలైంది. పిట్టల దుకాణంలో తెచ్చిన పురుగును పెట్టెలో వదిలితే, ఒకప్పుడు కన్ను మూసి తెరిచేలోపు పట్టుకునేది. ఇప్పుడు ఆ పురుగే దాని కాళ్ల మీదుగా ఎక్కి దిగి పోతోంది. నీళ్లు పోసి పెట్టిన సీసా మూత దాకా నడవలేకపోయేది. పురుగును చిదిమి పట్టకారుతో నోటి దగ్గర పెట్టేవాణ్ని. ఖాళీ అయిన కంటిచుక్కల సీసా కడిగి, దానితో బొట్టు బొట్టుగా నీళ్లు తాపేవాణ్ని. నేను చేసేది కళ్లజోళ్ల దుకాణంలో పని. ఆవగింజంత మరలు బిగించే చేతులు కనుక వణికేవి కావు.

సాలీడు వెల్లకిలా పడితే భయం లేదు, కుబుసం విడుస్తోందన్నమాట. కాళ్లు కడుపు కిందికి ముడుచుకుంటేనే చివరిదాకా వచ్చినట్టు. అది కాళ్లు చాపేది ఒంట్లోని నీటి బలంతో. ఆ బలం తగ్గితే కాళ్లు వాటంతటవే లోపలికి వస్తాయి. ఒక పొద్దున చూస్తే ముందు కాళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి. ఇక వదిలిపెట్టి పోబుద్ధి కాలేదు.

అవి బళ్లు తెరిచే రోజులు, దుకాణంలో పిల్లల కళ్లజోళ్ల గిరాకీ. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే తప్ప మా ఓనరు సేఠ్ సెలవివ్వడు. సాలీడు మంచాన పడిందని చెప్పలేను కదా. అమ్మకు బాగా లేదని చెబుదామనుకున్నాను. అమ్మ ఛత్రినాకలో మా తమ్ముడి దగ్గర గుండ్రాయిలా ఉంది. నోరు రాలేదు. ఒంట్లో బాగున్న మనిషికి లేని జబ్బు అంటగడితే ఆ మాట తగులుతుందని మా ఇళ్లలో భయం. అమ్మకు తగిలితే? ఫోన్ చేసి, "ఇంటి ఖాలాకు సీరియస్ ఉంది సేఠ్ సాబ్, చూసేటోళ్లు ఎవ్వరు లేరు" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సేఠ్ కరిగిపోయాడు. "అరె, కొడుకు లెక్క చేస్తున్నవ్ భాయ్. దుకాణం ఫికర్ చెయ్యకు" అన్నాడు. సిగ్గుపడాల్సింది పోయి, గండం గడిచిందనుకున్నాను.

సేఠ్ నమాజీ అన్న సంగతి నాకు తట్టలేదు. జబ్బు మనిషిని చూసి రావడం వాళ్లకు ఉట్టి మర్యాద కాదు, చేసి తీరవలసిన పుణ్యం. ఇయాదత్ అంటారు. శుక్రవారం మసీదులో ఖాలా కోసం అందరితో దువా చేయించి, అటునుంచి అటే దానిమ్మలూ బత్తాయిలూ పట్టుకొచ్చి కింద తలుపు కొట్టాడు.

అప్పటిదాకా కింద ఖాలా రోట్లో మసాలా దంచుతున్న చప్పుడు నాకు పైకి వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు ఆగింది. నేను మెట్ల మధ్యదాకా వచ్చి నిలబడిపోయాను, తేలు కుట్టిన దొంగలా.

"తబియత్ ఎట్లుంది ఖాలా? సీరియస్ అని మీ పైనింటి పిలగాడు చెప్పిండు" అంటున్నాడు సేఠ్.

తలుపుకు కట్టిన పర్దా వెనక నుంచి ఖాలా దగ్గు వినిపించింది. "నిన్నటికంటె నయం బేటా. అల్లా దయ. పిలగాడు మస్తు చూసుకుంటున్నడు."

పాలవాడు పొరపాటున ఎక్కువ పోస్తే పిలిచి తిరిగిచ్చే మనిషి ఆమె. నాకు తల కొట్టేసినట్టయింది.

సేఠ్ పోయాక పిలిచింది. పళ్ల సంచి ముందు పెట్టుకుని కూర్చుంది.

"నాకేం బీమారి బేటా?"

సంచిలోంచి జారిన బత్తాయిని తీసి నేను మళ్లీ లోపల పెట్టాను.

"జుమ్మా రోజు నా నోటితోని ఝూట్ చెప్పించినవ్. లేదంటె నీ నౌకరీ పోతదని చెప్పిన. ఎవరి కోసం చెప్పిన్నో నాకు తెల్వాలె. ఆ చీర కింద ఏముందో చూపియ్యి."

మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. నేను చీర తీశాను. కేక పెడుతుందనుకున్నాను. ఆమె వంగి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మకడీ" అంది. "ముసలిదా?"

"ముసలిదే ఖాలా. పోతున్నది."

"దుష్మన్లు తరుముతుంటె గుహ ముంగట జాలా అల్లి మా ప్రవక్త హుజూర్‌ను కాపాడింది దీని జాతే. మా ఇండ్లల్ల జాలా దులుపుతం గని మకడీని చంపం. కుత్తా ఉందా అని అడిగిన, బిల్లీ ఉందా అని అడిగిన. మకడీ ఉందా అని అడిగిన్నా? చెప్తె ఏమయితుండె? కుట్టు మిషన్ అంటివి!"

ఇన్నేళ్లు చీర కప్పి దాచింది, దాన్ని చూసి ఏమీ అనని ఒక్క మనిషి దగ్గరేనని అప్పుడు అర్థమైంది. గుమ్మం దాకా పోయి ఆమె మళ్లీ ఆగింది.

"ఒక్కటి చెప్పు. మీ అమ్మ గూడ ముసలిదే కద. ఆమె పేరు ఎందుకు చెప్పలే?"

జవాబు నేను చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది. మాటల దెబ్బ, దిష్టి, నజర్ అన్నీ వాళ్ల ఇళ్లలోనూ ఉన్నవే. తల ఊపి, గోడ పట్టుకుంటూ దిగిపోయింది. కిందున్న పళ్ల సంచి మాత్రం ముట్టలేదు. "బీమార్ మనిషికి తెచ్చినయ్. నేను తినొద్దు, నువ్వే తీస్కపో" అంది. మేమూ తినలేకపోయాం. దానిమ్మలు మా వంటింట్లోనే తొడిమల దగ్గర ఎండిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం దాని కాళ్లన్నీ ముడుచుకుపోయాయి. ఏడ్చాను. ఏడ్చినందుకు కూడా సిగ్గేసింది. మా ఆవిడ వచ్చి, మొదటిసారి పెట్టెవైపు నుంచి ముఖం తిప్పుకోకుండా నా పక్కన కూర్చుంది. ఖాలా తన మల్లె కుండీలో చోటు చూపించింది. అందులోనే పాతిపెట్టాను.

వానలు పడ్డాక ఖాలాకు నిజంగానే జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, తగ్గింది కూడా. కానీ కూతురు వచ్చేదాకా ఆమె లేచి కూర్చోలేకపోయింది. నా మాట తగిలిందేమోనని మా ఆవిడ అననే లేదు. నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను. సెలవు అడుగుదామని సేఠ్ ముందు నిలబడ్డాను. అదే మాట, ఈసారి నిజం. అయినా మళ్లీ ఆమె పేరు మీద జబ్బు మాట అనడానికి నోరు రాలేదు.

పొద్దున్నే దుకాణానికి పోయేముందు కిందికి దిగి గంజి తాపేవాణ్ని. గుటక పడేదాకా ఆగి మరో చెంచా పెడుతుంటే, ఆమె నా చేతివైపే చూసి అడిగింది.

"దానిక్కూడ గిట్లనే తాపినవా?"

"గిట్లనే ఖాలా."

"దానికైతె సెలవు పెట్టినవ్" అంది నవ్వుతూ.

మిగిలిన గంజి తాపి, చెంచా కడిగి, దుకాణానికి వెళ్లిపోయాను.