ప్లగ్గు పీకేసిన రాత్రి

“నెలనెలా ఎవుడి మిషన్‌కో బాడుగ కట్టేదానికి నాకేమన్నా పిచ్చా?”

“బాడుగ కాదవ్వా, ధైర్యం. ఆ మిషన్ పడిపోతే లేపేదానికి ఆడ మనుషులుండారు. నీ ఇంట్లో పెట్టె పడిపోతే నువ్వు లేపతావా?”

“ఈనలేక పడిపోయిన ఆవుల్నే లేపినా. పెట్టె ఎంత?”

“ఆవుకి కొమ్ములుండాయి. దీన్ని యాడ పట్టుకుంటావు?”

ఇదీ నాకూ మా మనవరాలు శైలజకూ జరిగిన రగడ. ఆ రగడ వల్లే ఆ రాత్రి వచ్చింది. చెప్పబోయేది జరిగిన సంగతి. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని, కథలు అల్లడం నాకు రాదు. అల్లే తీరికా లేదు. ఒక్క ముక్క కలిపి చెబితే నా నోరు పడిపోనీ. నమ్మనివాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు. నాకేం బాధ లేదు.

పుంగనూరు పక్కన పల్లె మాది. మా ఆడవాళ్ళకు ఆవులే బతుకు. ఆవు రాత్రిపూట ఈనడం మొదలుపెట్టి, దూడ అడ్డం తిరిగిందంటే ఒక్క మనిషి వల్ల కాదు. పూర్వం చెంబు మీద గరిటెతో కొట్టి పక్కవాళ్ళను పిలిచేవాళ్ళం. ఇప్పుడు ఇళ్ళన్నీ చేలల్లోకి వెళ్ళిపోయాయి. ఎంత కొట్టినా వినపడదు. అందుకని, మదనపల్లెలో ఉండి కంప్యూటరు ఉద్యోగం చేసే శైలజ మాకొక యాప్ చేసిపెట్టింది. ఆవు ఎవరిదైతే వాళ్ళు ఫోనులో ఒక్క బటన్ నొక్కాలి. దగ్గరున్న నలుగురి ఫోన్లు మోగుతాయి. ఎత్తితే ముందే రికార్డు చేసిన శైలజ గొంతే పలుకుతుంది... ఫలానా ఆమె ఆవు ఈనుతోంది, రండి అని. మూడుసార్లు చెబుతుంది. చిన్న పనే. కానీ ఆ పిలుపు ఒక్క రాత్రి తప్పితే ఒక కొట్టం ఖాళీ అవుతుంది.

ఆ యాప్‌ను నడిపే మిషన్ ఎక్కడ ఉండాలనేదే మా తగువు. క్లౌడ్‌లో పెడదామంది శైలజ. అంటే ఎక్కడో ఎవరిదో మిషన్, దానికి మనం బాడుగ కట్టాలి. నేను వద్దన్నాను. మన ఆవులను తీసుకెళ్ళి పరాయి కొట్టంలో ఎందుకు కట్టెయ్యాలి? ఆ కొట్టం గలాయన రేపు బాడుగ పెంచితే? తలుపు మూసేస్తే?

రెండో దారి కూడా శైలజే చెప్పింది. సొంత మిషన్ మీదికి యాప్‌ను ఎక్కించి నడిపే పనిముట్లు ఉన్నాయట. ఓపెన్ సోర్సు అంటారట. చేసినవాళ్ళు లోపలి గుట్టంతా తెరిచి పెట్టేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, డబ్బు అడగరు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, వాటికి డబ్బు పోదు గానీ నా నిద్ర పోతుంది అంది. నిద్ర వయసులో ఉన్నప్పుడే పోగొట్టుకోవాలి అన్నాను.

మూడు పనిముట్లు ఏరింది. మూడు పాత కంప్యూటర్లు సంపాదించి, ఒక్కోదాంట్లో ఒక్కో పనిముట్టు ఎక్కించింది. ఒకటి మదనపల్లెలో తన గదిలో. ఒకటి కుప్పంలో, తనతో చదువుకున్న యశోద ఇంట్లో. ఒకటి మా ఇంట్లో. బటన్ నొక్కితే ఆ కబురు మూడింటికీ వెళుతుంది, ముందు అందుకున్నది పిలుస్తుంది. పది రాత్రులు పరీక్ష. మూడూ ఒకే రాత్రి పడిపోతే నేను నోరు మూసుకుని బాడుగకు ఒప్పుకోవాలి. అదీ పందెం.

సంతలో ఆవును చూసినట్టే నేను ఆ మూడింటినీ చూశాను. మేత ఎంత? పాలు ఎన్ని? తంతుందా? మదనపల్లెది సీమావు. తెరమీద రంగు గళ్ళు, బటన్లు. నాలాంటిది కూడా రెండు నొక్కి చూడొచ్చు. కానీ తిండి ఎక్కువ. పాత కంప్యూటర్‌లో ఉన్న మెమరీ అంతా తనే మేసి, యాప్‌కు మిగల్చదు. కుప్పంది జోడెద్దుల రకం. రెండు మూడు మిషన్లు కలిపి కడితే, ఒకటి పడినా ఇంకొకటి కాడి మోస్తుందట. ఒంటి మిషన్‌కు కడితే మాత్రం దండగ. దానికి సేవ చెయ్యడానికే ఒక మనిషి ఉండాలి. మా ఇంట్లోది... మా ఊరి పొట్టి ఆవే అనుకోండి. రంగుల్లేవు, బొమ్మల్లేవు. నల్లతెర, తెల్ల అక్షరాలు. టైపు చేసి చెబితేనే కదులుతుంది. కానీ గుప్పెడు మేతతో రోజంతా నిలబడుతుంది. యాప్ పడిపోతే తనే లేపుతుంది. నా మాట దానికే అన్నాను.

“దాన్ని నడిపేది నీకు రాదు కదవ్వా” అంది శైలజ నవ్వుతూ.

“బస్సు నడిపేదీ రాదు. ఎక్కి తిరగతాండాను కదా” అన్నాను.

తొమ్మిది రాత్రులు గడిచాయి. ఏదో ఒకటి నిలబడుతూనే ఉంది.

పదో రాత్రి...

సాయంత్రం నుంచీ ఉక్క. ఆకు కదల్లేదు. ఎనిమిది దాటాక తూర్పున ఉరిమింది. పిడుగులకు బోరు మోటార్లు కాలబెట్టుకున్న ఊరు మాది. మొదటి ఉరుముకే ఊరు ఊరంతా లేచి ప్లగ్గులు పీకుతుంది. నేనూ లేచాను. మోటారు ఫీజులు లాగేశాను. టీవీ పీకాను. అదే చేత్తో ఆ పెట్టెదీ పీకాను. కరెంటు పోతే దాన్ని నిలబెట్టే బ్యాటరీ ఒకటి వెనక ఉంటుంది. దాని తీగ కూడా లాగి పడేశాను. గుయ్‌మని తిరిగే ఫ్యాను ఆగింది. పచ్చదీపం ఆరింది. ఉరుములు పోగానే పెట్టేద్దాంలే అనుకుని నడుం వాల్చాను.

కళ్ళు మూతపడ్డాయి.

ఎన్ని గంటలప్పుడో మెలకువ వచ్చింది. వాన వెలిసింది. కరెంటు లేదు. వీధిలో ఒక్క దీపం లేదు. కుక్కలు కూడా అరవడం లేదు. చెవుల్లో ఒకటే శబ్దం...

గుయ్...

ముందు దోమ అనుకున్నాను. చెయ్యి ఊపాను. పోలేదు. తల తిప్పాను. మూలన... పచ్చటి చుక్క. వెలిగింది. ఆరింది. వెలిగింది.

పెట్టె నడుస్తోంది.

టార్చి వేశాను. ప్లగ్గు నేల మీద ఉంది. మూడు పిన్నులూ పైకి. బ్యాటరీ తీగ పక్కనే, నేను పడేసిన చోటే. నా కళ్ళను నేను నమ్మలేదు. వంగి, పెట్టె దగ్గర నుంచి తీగను చేత్తో తడుముతూ వచ్చాను. జానెడు... మూరెడు... ఇంకో మూరెడు... తీగ నా చేతిలోనే అయిపోయింది. ఆ చివర ఏమీ లేదు. రెండోదీ తడిమాను. అదీ అంతే.

పెట్టె మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన ఆవు చెవిలా ఉంది.

భయం వేసింది, అబద్ధం చెప్పను. కానీ నా ఇల్లు అది. నా మూల అది. నేనెందుకు బయటికి పరుగెత్తాలి? టార్చి దాని మొహాన్నే వేసి అన్నాను:

“నువ్వు ఎవురైనా సరే. నా ఇంట్లో నన్నే బెదిరించాలని సూస్తే కుదరదు. పనుంటే సెప్పు. ల్యాకుంటే ఆపు.”

ఫ్యాను ఆగిపోయింది.

ఒక ఊపిరి... రెండు...

ఫోను మోగింది.

ఎత్తాను. శైలజ గొంతు. “నారమ్మ ఆవు ఈనతాండాది. రండి.” ఒక్కసారే చెప్పింది. రెండోసారి కోసం ఆగాను. చెప్పలేదు. కానీ ఆ గొంతు వెనక ఏదో ఉంది. బరువుగా... నిండా ఊపిరి తీసి వదులుతున్నట్టు... మనిషి ఊపిరి కాదు అది. తర్వాత అదీ ఆగింది.

నారమ్మ మాకు వరసకు చెల్లెలి కూతురు. మొగుడు లేడు. టమోటా చేను అవతల ఒంటి ఇల్లు, ఒక్కటే ఆవు. అర మైలు దూరం. కొంగు బిగించి, ఆముదం సీసా తీసుకుని, బురదలో నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదని కాదు, తీరిక లేక.

కొట్టంలో ఆవు పక్కకు పడిపోయి ఉంది. దూడ కాలు ఒకటే బయటికి వచ్చింది. ఇంకోటి లోపలే మడత పడింది. నారమ్మ ఇంట్లో జ్వరం మాత్ర వేసుకుని ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంది. తలుపు బాదితే గానీ లేవలేదు.

“నీకెవురు సెప్పినారు పెద్దమ్మా?” అంది.

“నువ్వే కదా బటన్ నొక్కింది.”

“నేను యాడ నొక్కినాను? మజ్జాన్నం నుంచీ నా ఫోను సచ్చి పడుండాది.”

చూపించింది. నొక్కి చూశాను. నల్లగా ఉంది.

అప్పుడు భయపడే సమయం లేదు. చేతికి ఆముదం రాసుకుని, దూడను వెనక్కి తోసి, మడత కాలు సరిచేసి, ఇద్దరం లాగాం. పెయ్యదూడ. కాసేపు కదల్లేదు. మూతి తుడిచి, ముక్కులో గడ్డిపరక పెడితే తుమ్మింది. నారమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

తెల్లవారుతుండగా ఇల్లు చేరాను. ప్లగ్గు నేలమీదే ఉంది. పెట్టెను తాకాను. చల్లగా, రాయిలా ఉంది.

పది రాత్రుల పరీక్ష ముగిసిందని మొదటి బస్సుకు శైలజ దిగింది. చెప్పులు విడవకముందే చెప్పేశాను, ప్లగ్గు నేనే పీకానని. తర్వాత మిగతాదంతా. కరెంటు వచ్చాక శైలజ ప్లగ్గు పెట్టి, లాప్‌టాప్ తెరిచి చాలాసేపు చూసింది. పెట్టె తను చేసిన పనంతా గంటలతో సహా రాసుకుంటుందట; మా పెట్టెలో ఉరుము వేళ దాకా లెక్కగా వరసలున్నాయి, ఆ తర్వాత ఒక్కటీ లేదు. మదనపల్లె పెట్టె మెమరీ నిండి బిగుసుకుపోయింది. కుప్పంలో వానకు నెట్ పోయింది. మూడూ పడిపోయాయి. నా ఫోను తీసి చూసింది. రాత్రి వచ్చిన కాల్ ఒక్కటీ లేదు.

“ఆవు అరుపు నిద్దట్లో ఇనింటావవ్వా” అంది మెల్లగా.

అర మైలు దూరం నుంచా? ఏమో, గాలి ఇటు వీచిందేమో. కాదని ఎలా చెప్పను? అవునని మాత్రం ఎలా ఒప్పుకోను? ఆ తీగ చివర నా గుప్పిట్లో ఉండింది. ఈ రోజుకీ అది ఏమిటో నాకు తెలీదు.

“మూడూ పడినాయి. మరి పందెం?” అంది శైలజ.

“పందెం ఓడిపోయినా. బాడుగకి మాత్రం ఒప్పుకోను.”

“ఇదేం న్యాయమవ్వా?”

“మా ఇంటిది పడిపోలేదు, నేను పీకినా. తప్పు నా పేరున రాసుకో. మదనపల్లెది మేత ఎక్కువై సచ్చింది. దాంట్లో కూడా ఈ నల్లతెరదాన్నే పెట్టుంటే నిలబడేది కాదా? కుప్పంలో కూడా ఇదే పెట్టు. ఉరిమితే ఈడ నేను పీకతా, పీకకుండా ఉండలేను. ఆడుండేవి నిలబడతాయి.”

శైలజ ఫోను అందుకుంది. మదనపల్లెలో ఇంటి ఓనరమ్మకు ఫోన్ చేసి పెట్టెను ఒకసారి ఆపి వెయ్యమంది. కుప్పంలో నెట్ వచ్చిందని యశోద చెప్పింది. మా అరుగు మీదే కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా చూడకుండా టైపు చేసింది. పదింటికి రెండు పెట్టెల్లోనూ నల్లతెర ఎక్కింది.

ఇద్దరం నారమ్మ ఇంటికి వెళ్ళాం. దూడ పొదుగు వెతుక్కుని తాగుతోంది. శైలజ నారమ్మ ఫోనుకు ఛార్జింగు పెట్టి, ఒకసారి నొక్కి చూడత్తా అంది. నారమ్మ నొక్కింది.

నేను ఆవుకు తవుడు కలుపుతున్నాను. నా ఫోను మోగింది. చేతులు కడుక్కుని ఎత్తాను. శైలజ గొంతు మూడుసార్లు చెప్పింది.