పిడుదుకు బీడీ వైద్యం

ఈ సాయంత్రం ఆళ్లగడ్డలో మా అన్నను చపాతీ కర్రతో కొట్టాను.

అన్న వాళ్ల మేకపిల్లతో ఆడుకున్న నా ఆరేళ్ల కూతురి చెవి వెనక రక్తం తాగే పిడుదు పురుగు కరిచి పట్టుకుంది. దాన్ని కాల్చాలని అన్న బీడీ ముట్టించి, పాప తల వంచి పట్టుకున్నాడు. పాప కేక పెట్టింది. చపాతీలు ఒత్తుతున్న కర్రతోనే అన్న మణికట్టు మీద ఒక్కటిచ్చాను. బీడీ ఎగిరి గడప అవతల పడింది.

"ఏందిమే, పిచ్చి పట్టిందా? మేకలకు ఇట్లనే కదా తీసేది!"

"నా బిడ్డ మేకనా?"

గడియారాలు బాగుచేసే పక్కింటి ఖాదర్ అన్న, సన్న పట్టకారుతో పిడుదును చర్మానికి ఆనించి పట్టి, నలపకుండా నిదానంగా పైకి లాగేశాడు. కరిచిన చోట సబ్బుతో కడిగాను. కొన్నాళ్లు జ్వరం, దద్దుర్లు వస్తాయేమో చూడాలి.

మీ ఇళ్లలోనూ బీడీ డాక్టర్లుంటే చెప్పండి. మా డాక్టరు చెయ్యి వాచింది. "కాపడం పెడతా, బీడీ ఇట్లియ్యన్నా" అంటే చెయ్యి వెనక్కి దాచుకుంటున్నాడు.