అజాయబ్‌ఘర్‌కు పోయిన మా రాయి

మా అత్తగారిది అమ్రాబాద్ అడవి అంచున గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆ ఇంట్లో బిడ్డ పుడితే గుట్ట కింద నిలబెట్టిన రాతి దగ్గరికి ఎత్తుకుపోవాలి. నుదురు రాతికి ఆనించి, గొర్రె పాలు రాతికో చుక్క, బిడ్డ పెదవికో చుక్క పెట్టి అప్పుడు పేరు పెట్టి పిలవాలి. అంతదాకా పేరు లేదు. ఆ రాతి మీద పులితో కలబడుతున్న మనిషి ఉన్నాడు. మంద కోసం పులికి ఎదురుపోయి చచ్చిన మా వాళ్ల తాత అని చెప్పేవారు. ప్రతి తరంలో పెద్ద కొడుక్కి ఆయన పేరే పెడతారు.

నేను నిండు కడుపుతో ఉన్నప్పుడు పట్నం నుంచి సర్కారు మనుషులు పాత రాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ఊరి దొర మా మందలోంచే పొట్టేలును కోయించి వాళ్లకు పెట్టాడు. తిన్నారు, చేతులు కడుక్కున్నారు, పట్నంలో పాత బొమ్మలు జనానికి చూపించే అజాయబ్‌ఘర్‌కు ఆ రాయి కావాలన్నారు. దొర సరేనన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆయనకు పోయిందేముంది! తవ్వడానికి వెట్టి, మోయడానికి వెట్టి. బండి నా మొగుడిది. తన తాతను తానే గడ్డపారతో పెకిలించి, తన ఎడ్లతోనే రైలు స్టేషన్ దాకా తోలి వచ్చాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఆ పొట్టేలు సంగతి తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది.

నాకు కొడుకు పుట్టాడు. బోర్లా పడ్డాడు, పాకాడు, గోడ పట్టుకొని నిలబడ్డాడు, ఇంకా పేరు లేదు. ఇంకో రాయి నిలబెడదామని కులపెద్దలు అంటే అత్త వాళ్ల మీద విరుచుకుపడింది.

"తాతను మారుస్తార్రా? మీ ఇండ్లల్ల మార్చుకోన్రి!"

ఎండలు ముదరకముందే ఆమే తేల్చింది. "ఆడికే పోదాం. రాయి యాడుంటే ఆడ్నే పేరు."

పట్నం చేరేసరికి మొదట చెరువు కనిపించింది. అవతలి గట్టు కనబడనంత చెరువు, అందులో పడవలు, కట్ట మీద గాలికి షికారు తిరిగే షేర్వానీల దొరలు. "మన గొర్లకు గుక్కెడు నీళ్లు లేవు గదనే," అంది అత్త. ఆ చల్లగాలి కూడా నాకు కోపమే తెప్పించింది.

అజాయబ్‌ఘర్ గడప దగ్గర ముగ్గురం చెప్పులు విడిచాం. కాళ్లు కడుక్కోను నీళ్లెక్కడని అత్త అడిగితే కావలి జవాను పడీపడీ నవ్వాడు. లోపల బూట్లతోనే టకటకా తిరుగుతున్నారు జనం. దేవుళ్లను వరుసగా నిలబెట్టారు. దీపం లేదు, పువ్వు లేదు. చేతులు విరిగినవాళ్లు, ముక్కులు పోయినవాళ్లు, సంతలో పశువుల్లా నిలబడి ఉన్నారు.

అత్త మా రాతిని దాటి వెళ్లిపోయింది. నేనూ పోల్చుకోలేదు. తరతరాల నూనె, పసుపు గీకేసి, కడిగేసి, తెల్లగా చేసి పెట్టారు. నా మొగుడే ఆగాడు. కింది అంచున పెచ్చు లేచిన చోట వేలు చూపించాడు.

"గీ దెబ్బ నాదే. గడ్డపార జారింది."

అత్త వెనక్కి వచ్చింది. చూసి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. తేరుకొని కొంగుచాటున దాచిన పాల చెంబు తీసింది. రాయి చుట్టూ తాడు కట్టి ఉంది. జవాను కర్ర అడ్డం పెట్టి, "హాత్ నక్కో లగావ్!" అంటూ ముట్టుకోవద్దని కసిరాడు. అత్త చేతులు జోడించింది. ఒక్క చుక్క, బిడ్డ పేరుకు, అని బతిమాలింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి పాటి కూడా కాదు, కర్ర పట్టిన జవాను. ఆ గోలకు లోపలి నుంచి ఒక అధికారి వచ్చి మెత్తగా తెలుగులోనే చెప్పాడు: "పాలు పోస్తే రాయి పాడవుతుందమ్మా."

గడ్డపార పోటుకు పాడు కానిది పాలచుక్కకు పాడవుతుందా! అత్త ముందు గొంతెత్తని కోడలిని నేను. ఆ మాట విన్నాక నాకు అత్తా కనబడలేదు, మొగుడూ కనబడలేదు. బిడ్డను ఎత్తుకొని తాడు కింద నుంచి దూరాను. వాడి నుదురు రాతికి ఆనించాను. పెద్దలు పలకాల్సిన పేరును నేనే, హాలంతా మారుమోగేలా, పలికాను. జవాను నా రెక్క పట్టి ఈడ్చాడు. ఆ తోపులాటలో అత్త చేతిలోని చెంబు ఒలికి పాలు నేల పాలయ్యాయి.

నా మొగుడు జవాను కాళ్ల దగ్గరికి వంగాడు. "తప్పైంది దొరా, తప్పైంది."

బయటికొచ్చాక అత్త పిల్లవాణ్ణి ఆ పేరుతోనే పిలిచి ఎత్తుకుంది, నన్ను ఒక్క మాట అనలేదు. మొగుడు మాత్రం మెట్ల మీద కూలబడ్డాడు.

"నేనే తవ్విన, నేనే తోలిన. తాత ముంగటికి ఏ మొఖంతోని పోవాలె?"

నా కోపమంతా ఆయన మీదికే మళ్లింది. "నిన్ను కట్టెతోని అదిలించి తవ్విచ్చిండ్రు. మల్ల వాళ్లకే తప్పైందంటివి! తాత పులికి మొక్కిండా?"

ఆయన ఊళ్లో దొర వాకిలి ముందు నడిచేటప్పటిలాగే చెప్పులు చేత పట్టుకొని లేచాడు.