రెజ్యూమేలో నడిపిన ట్రక్కు

నేను మొట్టమొదట పికప్ ట్రక్కు నడిపింది కాగితం మీద. ఆ రోడ్డు ఎంత బాగుందని! గుంట లేదు, మలుపు లేదు, మంచు అసలే లేదు. మూడేళ్ళపాటు, ఫాంట్ సైజు పదకొండులో, ఒక్క గీత కూడా పడకుండా నడిపాను.

నడిపించినవాడు మా రూమ్మేటు. కెనడాలోని సస్కటూన్‌లో మేం నలుగురం ఒక బేస్‌మెంటులో ఉండేవాళ్ళం. ప్రతి సెప్టెంబరులోనూ మనవాళ్ళు తండోపతండాలుగా దిగుతున్న రోజులవి. బస్సులో కొత్త ముఖం కనబడితే మొహమాటపడకుండా తెలుగులోనే "ఏ ఊరు?" అని అడిగేసేవాళ్ళం, చాలాసార్లు తెలుగులోనే జవాబు వచ్చేది. మా రూమ్మేటుది వరంగల్ వైపు, నాది తెనాలి వైపు. వాడు వంట చేస్తే ఉప్పు తక్కువ, రెజ్యూమే రాస్తే కారం ఎక్కువ.

మా కోర్సులో ఒక టర్మ్ బయట ఉద్యోగం చేసి తీరాలి. దాన్ని కో-ఆప్ అంటారు. అది దొరక్కపోతే కోర్సు పూర్తి కాదు. కోర్సు పూర్తి కాకపోతే వర్క్ పర్మిట్ రాదు. పర్మిట్ రాకపోతే ఏమవుతుందో మా బేస్‌మెంటులో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. నేను అప్పటికి కనబడిన ప్రతి చోటా అప్లై చేసి, కనబడని చోట్లా చేసి, చివరికి ధాన్యం పరీక్షించే ఒక చిన్న కంపెనీ ప్రకటన దగ్గర ఆగాను. పొలాలకు వెళ్ళి పప్పుధాన్యాల శాంపిళ్ళు తెచ్చి ల్యాబులో చూడాలట. చివర్న ఒక వాక్యం: చలికాలంలో ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ నడిపిన అనుభవం ఉండాలి.

"ఇది మనకు కాదురా," అన్నాను.

"ఎందుక్కాదు? లైసెన్స్ ఉన్నదా?"

"ఉంది. ఎండాకాలంలో డ్రైవింగ్ స్కూల్ వాళ్ళ చిన్న కారులో తెచ్చుకున్నది."

"ఊర్ల మీ మామయ్య జీపు నడిపిన అన్నవ్ గదా?"

"కాలవ గట్టు దాకా. రెండుసార్లు."

"నాలుగు చక్రాలు తిరిగినయా?"

"తిరిగాయి."

"ఇగ ఫోర్ వీల్ డ్రైవ్ కాకపోతే ఏంది మల్ల?" అంటూ వాడు టైపు చేయడం మొదలుపెట్టాడు. "ఎక్స్‌ట్రీమ్ వెదర్, త్రీ ఇయర్స్."

"ఎక్స్‌ట్రీమ్ వెదర్ ఎక్కడిదిరా మాకు?"

"మీ దిక్కు మే నెల ఎక్స్‌ట్రీమ్ కాదా? అబద్ధం ఏడుందో చూపియ్."

చూపించలేకపోయాను. నిజం చెప్పాలంటే వెతకలేదు కూడా. ఫోన్ ఇంటర్వ్యూలో మేనేజరు, "మంచులో ఫోర్ బై ఫోర్ నడిపావు కదా?" అని అడిగారు. పెద్దవాళ్ళు 'కదా' అని అడిగితే 'కాదు' అనడం మా ఇంట్లో నేర్పలేదు. "యెస్ సర్," అన్నాను. ముందు జారింది చక్రం కాదు, నోరు. ఉద్యోగం వచ్చింది. ట్రక్కు రాకముందే టెక్కు వచ్చింది. వారం రోజులు బేస్‌మెంటులో నడిచేటప్పుడు కూడా మలుపుల దగ్గర స్టీరింగ్ తిప్పినట్టు చెయ్యి ఊపుకుంటూ తిరిగాను.

టెక్కు శనివారం పొద్దున దిగింది. సోమవారం చేరాలి. బయట మైనస్ ఇరవై ఎనిమిది. రోడ్డు మీద మంచు నలిగి నలిగి నున్నటి గాజులా మెరుస్తోంది. మా ఇంటి ముందు ఒక కారు స్టాప్ గుర్తు దగ్గర ఆగాలని ఎంతో ప్రయత్నించి, దాన్ని దాటి నాలుగు గజాలు పోయి, అక్కడ మర్యాదగా ఆగింది. నడిపే ఆయన ఈ ఊళ్ళో పుట్టినవాడిలానే ఉన్నాడు. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. అది చలికి కాదు.

అప్పుడు గుర్తొచ్చారు డాక్టరు ఆంటీ. కాకినాడ నుంచి నలభై ఏళ్ళ కిందట వచ్చి, చుట్టుపక్కల పల్లెల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యారు. మన తెలుగు సంఘం దీపావళి భోజనాలకు వంట పాత్రలన్నీ తన పికప్ వెనక వేసుకుని తెచ్చేది ఆవిడే. నేను సాంబారు గిన్నె దించబోయి వొలకబోసినందువల్ల పరిచయం. ఫోన్ చేశాను.

"డ్రైవింగ్ నేర్పాలా? ఎప్పటికి?"

"సోమవారానికండీ."

"ఏ సోమవారం?"

"ఎల్లుండే, ఆంటీ."

అవతల క్యాలెండరు కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. తర్వాత, "రెండు జతల సాక్సులు వేసుకుని రా," అన్నారు.

మూతపడిన ఒక ఫర్నిచర్ దుకాణం వెనక పెద్ద పార్కింగ్ స్థలం ఉంది. మనిషి లేడు, మంచే. ఆంటీ చీర మీద మోకాళ్ళ దాకా పార్కా అనే దళసరి చలికోటు, తల మీద ఉన్నిటోపీ, సీటు మీద ఎత్తుకోసం ఒక దిండు. డెబ్భై దాటిన మనిషి ఆ ట్రక్కులోకి గుమ్మం ఎక్కినంత తేలిగ్గా ఎక్కారు. నేను ద్వారబంధం పట్టుకుని, మోకాలు పెట్టి, బస్సు టాపు ఎక్కినట్టు ఎక్కాను. ఆవిడ చూసి కూడా చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశారు. డాక్టర్లకు ఆ అలవాటు ఉంటుంది.

"ఈ మీట ఇటు తిప్పితే నాలుగు చక్రాలూ లాగుతాయి. అర్థమైందా?"

"అంటే జారదన్నమాట."

"అంటే బయల్దేరుతుందన్నమాట. ఆగడానికి దీనితో పనిలేదు. నీ ధైర్యం పెరుగుతుంది, బ్రేకు పెరగదు. ఇక్కడ రోడ్డు పక్క గుంటల్లో పడి ఉండేవి ఎక్కువగా ఇలాంటి పెద్ద బళ్ళే. పోనీ."

పోనిచ్చాను. ఇంజను గురగుర, చక్రాల కింద కరకర. ఇంత తేలికా అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే కొంచెం గట్టిగా తొక్కాను. "ఇప్పుడు ఆపు," అన్నారు. బ్రేకు మీద కాలు పెట్టి నొక్కేశాను. పాదం కింద ఏదో టకటక కొట్టుకుంది. ట్రక్కు మాత్రం నా మాట విననట్టు, ఎదురుగా ఉన్న మంచుగుట్ట వైపు, పక్కకు తిరిగి, చాలా తీరుబడిగా జారుకుంటూ పోయింది.

ఆ క్షణంలో ఇరవై రెండేళ్ళ నా పెంపకం అంతా అరచేతిలోకి వచ్చింది. హారన్ కొట్టాను. ఒకసారి కాదు, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కొట్టినట్టు ఆగకుండా. మంచుగుట్ట తప్పుకోలేదు. మెత్తగా, దిండులో తల పెట్టినట్టు, అందులోకి వెళ్ళి ఆగాం.

ఆంటీ టోపీ సర్దుకున్నారు. "ఎవర్ని తప్పుకోమన్నావు బాబూ?"

"అలవాటండీ."

"సరే, పార వెనకాల ఉంది. గుట్టకు సారీ చెప్పి, కాస్త తవ్వు."

తవ్వాను. మళ్ళీ నడిపాను. కాలు తీసెయ్యడం, చూపు పోవాల్సిన వైపు పెట్టడం, చేతులు ఆ చూపు వెంట పోనివ్వడం. సాయంత్రానికి గుట్టకీ నాకూ మధ్య గౌరవప్రదమైన దూరం ఏర్పడింది. ఆదివారం కూడా అదే. రెండో రోజు మధ్యాహ్నం ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోస్తూ మామూలుగా అడిగారు:

"ఇంతకీ వాళ్ళకి నీకు రాదని చెప్పావుగా? ఎవరు నేర్పుతారట?"

నేను కప్పులోకి చూశాను. కప్పులో ఏమీ రాసి లేదు. మూడేళ్ళ సంగతీ, మే నెల సంగతీ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నేను వచ్చిన కొత్తల్లో, ఐస్ మీద నడిపావా అని ఆసుపత్రిలో అడిగారు. నడపలేదన్నాను. సిగ్గేసింది. కానీ మర్నాటి నుంచి ఒక నర్సు నెల రోజులు పక్కన కూర్చుని నేర్పింది. నువ్వు వచ్చునన్నావు. ఇప్పుడు నీకెవరు నేర్పుతారు? తాళాలిచ్చి పంపేస్తారు. ఆ పొలాల రోడ్ల మీద కొన్నిచోట్ల ఫోన్ కూడా పలకదు. బండి గుంటలో పడి ఇంజను ఆగిపోతే, మైనస్ ముప్ఫైలో ఎంతసేపుంటావు?"

నేను కప్పును రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాను. ఆవిడే, "చెప్తే ఉద్యోగం పోవచ్చు. పోదని నేనెలా అంటాను? కానీ పోయేది ఏదో నువ్వే తేల్చుకో," అని టీ చల్లారకముందే తాగమన్నారు.

సోమవారం పొద్దున కంపెనీ ఆవరణలో మేనేజరు గారు నా చేతిలో తాళాలు పెట్టారు. అరవై ఏళ్ళ పైబడిన మనిషి, కనుబొమ్మల మీద కూడా మంచు. యాభై కిలోమీటర్ల అవతల ఒక పొలం, దారి గీసిన కాగితం. "అనుభవం ఉన్నవాడివి, నీకు చెప్పేదేముంది," అన్నారు ఇంగ్లీషులో.

తెల్లటి ట్రక్కు. నాకంటే ఎత్తు. తలుపు మీద చెయ్యి వేశాను. అప్పుడు నేను చేసినదాన్ని నిజాయితీ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. అది అచ్చమైన భయం. నిజాయితీ కోటు వేసుకుని వచ్చింది, అంతే.

"సర్, మూడేళ్ళు కాదు."

"మరి?"

"రెండు రోజులు. శనివారం, ఆదివారం."

ఆయన నన్ను చూశారు, ట్రక్కును చూశారు, మళ్ళీ నన్ను చూశారు. నేను జీపు గురించి, కాలవ గట్టు గురించి చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు. తాళాలు వెనక్కి తీసుకున్నారు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఇక్కడ పుట్టిన నేనే ప్రతి ఏడాదీ మొదటి మంచుకు మళ్ళీ నేర్చుకుంటాను," అన్నారు. "నిన్ను ఒంటరిగా పంపేవాణ్ణి. తెలుసా నీకు?"

తెలుసన్నాను. కాలేజీకి ఫోన్ చేస్తారనుకున్నాను. చేయలేదు. "నీ కో-ఆప్ ఆఫీసుకు నువ్వే రాయి. జరిగిందంతా. సాయంత్రంలోగా. ఉద్యోగం ఉంది, తాళాలు లేవు," అని లోపలికి వెళ్ళిపోయారు.

రాశాను. నా జీవితంలో అంత చిన్న ఉత్తరం అంతసేపు రాయలేదు. కాలేజీవాళ్ళు పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నా ఫైల్లో ఒక హెచ్చరిక పెట్టి, టర్మ్ మాత్రం ఉంచారు. మా రూమ్మేటు, "నిజం గూడ గంత షార్ట్‌గ రాస్తరా?" అని తల పట్టుకున్నాడు.

ఆ తర్వాత నా పని ల్యాబులో మసూరు పప్పు జల్లించడం. రాళ్ళు వేరు, పొట్టు వేరు, పగిలిన బద్దలు వేరు. ఇంటి దగ్గర చేటతో ఎవరైనా కూర్చోమంటే పారిపోయినవాణ్ణి, ఏడువేల మైళ్ళు వచ్చి అదే పనికి సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించుకున్నాను. పప్పులో కాలేశానని ఊరికే అంటారు. నేను మోకాళ్ళ దాకా దిగాను.

వారానికి రెండుసార్లు పొలాలకు వెళ్ళేటప్పుడు మేనేజరు గారు నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకునేవారు. గాలికి మంచు రోడ్డుకు అడ్డంగా పాములా పాకేది. అది ఎక్కడ పేరుకుంటుందో, ఎక్కడ కింద ఐస్ దాక్కుంటుందో చూపించేవారు. కొన్ని వారాలకు ఖాళీ పొలం బాటల్లో స్టీరింగ్ ఇచ్చారు. డ్యాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకుని కూర్చునేవారు. ఇంకొన్ని వారాలకు ఒక చెయ్యి. ఫిబ్రవరిలో రెండు చేతులూ జేబుల్లోకి వెళ్ళాయి. ఆయన ఏమీ అనేవారు కాదు. నేను చేతులనే చదువుకునేవాణ్ణి.

మార్చి మొదట్లో ఒక పొద్దున, శాంపిళ్ళకు వెళుతున్నాం. నేను నడుపుతున్నాను. రాత్రి కురిసిన మంచు రోడ్డు మీద అలాగే ఉంది, రెండు వైపులా తెల్లటి పొలాలు, ఎక్కడ రోడ్డు అయిపోయి ఎక్కడ గుంట మొదలవుతుందో కంచె స్తంభాలను బట్టే తెలియాలి. ఏదో సందేహం వచ్చి అడుగుదామని పక్కకు చూశాను. ఆయన టోపీ కళ్ళ మీదకు లాక్కుని, నోరు కొంచెం తెరిచి, గురక పెడుతున్నారు.

సందేహం నేనే తీర్చుకున్నాను. ఆయన్ను లేపకూడదని మలుపుల దగ్గర ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ, ఎనభైలో పోగలిగిన రోడ్డు మీద నలభైలో పోయాను. పొలానికి అరగంట ఆలస్యంగా చేరాం. గోధుమరంగు కోటు వేసుకున్న రైతు గేటు దగ్గరే నిలబడి, చలికి కాళ్ళు మార్చి మార్చి తొక్కుతూ, ఇంతసేపేమిటని అడిగాడు.

మేనేజరు గారు కళ్ళు నులుముకుంటూ దిగారు. నా వైపు చూడకుండానే, "రోడ్డు అస్సలు బాగోలేదు," అన్నారు.